పూర్ణసంఖ్య నుండి ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యకు మార్పిడి

పూర్ణసంఖ్య నుండి ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యకు మార్పిడి అనేది కంప్యూటరు జ్ఞాపకంలో పూర్ణసంఖ్యగా ఉన్న విలువను ఫ్లోటింగ్ పాయింట్ రూపంలోకి తెచ్చే ప్రక్రియ. సి, జావా, ఫోర్ట్రాన్ వంటి భాషలలో వ్రాసిన ప్రోగ్రాములలో ఇది తరచుగా, చాలాసార్లు ప్రోగ్రామరు గమనించకుండానే జరుగుతుంది. ప్రాసెసర్‌లో ఇందుకు తగిన ఆదేశం ఉన్నట్లయితే కంపైలర్ ఆ ఆదేశాన్నే వాడుతుంది. లేనట్లయితే కంపైలర్‌తో పాటు వచ్చే రన్‌టైమ్ లైబ్రరీలోని ఒక చిన్న రొటీన్ ఆ పని చేస్తుంది.

పెద్ద పూర్ణసంఖ్యలన్నీ ఫ్లోటింగ్ పాయింట్ రూపంలో యథాతథంగా ఇమడవు. అటువంటప్పుడు విలువను దగ్గరి సంఖ్యకు సవరించవలసి ఉంటుంది. దీనినే రౌండింగ్ అంటారు. రౌండింగ్ సరిగా జరగాలంటే కోల్పోయే ప్రతి బిట్టునూ లెక్కలోనికి తీసుకోవాలి. వేగం కోసం ఆ పనిని కుదించినప్పుడు కొన్ని అరుదైన విలువలకు తప్పు ఫలితం వస్తుంది. ఈ రెండు అవసరాలనూ సమన్వయపరచడం కంపైలర్ రచయితలకు చాలాకాలంగా ఎదురవుతున్న సమస్య.

నేపథ్యం

ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలో మూడు భాగాలు ఉంటాయి: గుర్తు, ఘాతాంకం, సార్థక భాగం. సంఖ్య ఎంత పెద్దదో ఘాతాంకం తెలుపుతుంది. సంఖ్యలోని అంకెలు సార్థక భాగంలో ఉంటాయి. నేడు దాదాపు అన్ని కంప్యూటర్లు అనుసరించే ఐఈఈఈ 754 ప్రమాణం 1985లో వెలువడింది. 2008లోనూ, 2019లోనూ దానిని సవరించారు. ఈ ప్రమాణ రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించిన విలియం కహాన్‌కు 1989 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం లభించింది.

సాధారణంగా వాడుకలో ఉన్న రూపాలు ఇవి:

* సింగిల్: మొత్తం 32 బిట్లు. సార్థక భాగం 24 బిట్లు.
* డబుల్: మొత్తం 64 బిట్లు. సార్థక భాగం 53 బిట్లు.
* ఇంటెల్ ఎక్స్87 విస్తృత రూపం: మొత్తం 80 బిట్లు. సార్థక భాగం 64 బిట్లు.
* బిఫ్లోట్16: మొత్తం 16 బిట్లు. సార్థక భాగం 8 బిట్లు. యంత్ర అభ్యాసంలో వాడుతారు.

మొదటి రెండింటిలోనూ, బిఫ్లోట్16లోనూ సార్థక భాగపు మొదటి బిట్టు సాధారణంగా 1 కనుక దానిని విడిగా భద్రపరచరు. పై లెక్కలో ఆ దాగిన బిట్టు కూడా కలిసి ఉన్నది.

సార్థక భాగంలోని బిట్ల సంఖ్యే మార్పిడికి హద్దు. సింగిల్ రూపంలో 2²⁴, అనగా 1,67,77,216 వరకు గల పూర్ణసంఖ్యలన్నీ ఖచ్చితంగా ఇముడుతాయి. ఆ తరువాతి సంఖ్య 1,67,77,217 ఇమడదు. అక్కడి నుండి సరిసంఖ్యలు మాత్రమే లభిస్తాయి. 2²⁵ దాటిన తరువాత 4 యొక్క గుణిజాలు మాత్రమే ఉంటాయి. ఈ విధంగా 2 యొక్క ప్రతి ఘాతం వద్ద ఇరుగుపొరుగు సంఖ్యల మధ్య ఎడం రెట్టింపు అవుతూ పోతుంది. డబుల్ రూపంలో ఇదే హద్దు 2⁵³, అనగా 9,00,71,99,25,47,40,992 వద్ద వస్తుంది.

దీనిని బట్టి ఏ మార్పిడిలో రౌండింగ్ అవసరమో ముందుగానే చెప్పవచ్చును. 32 బిట్ల పూర్ణసంఖ్యను డబుల్‌గా మార్చినప్పుడు ఏమీ పోదు. 32 బిట్ల సంఖ్యను సింగిల్‌గా మార్చినప్పుడు 8 బిట్ల వరకు పోవచ్చును. 64 బిట్ల సంఖ్యను డబుల్‌గా మార్చినప్పుడు 11 బిట్లు, సింగిల్‌గా మార్చినప్పుడు 40 బిట్లు పోవచ్చును. 64 బిట్ల సంఖ్యను ఎక్స్87 విస్తృత రూపంలోకి మార్చినప్పుడు మాత్రం ఏమీ పోదు.

రౌండింగ్ నియమాలు

ఐఈఈఈ 754 ప్రకారం సాధారణ పద్ధతి దగ్గరి సంఖ్యకు సవరించడం. ఇవ్వబడిన విలువ రెండు ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలకు సరిగ్గా నడుమ ఉన్నట్లయితే, సార్థక భాగపు చివరి బిట్టు 0గా ఉన్న సంఖ్యను, అనగా సరి సంఖ్యను ఎన్నుకోవాలి. నడిమి విలువలను ఎల్లప్పుడూ పైకే సవరించినట్లయితే మొత్తాలు క్రమంగా పైకి జరుగుతాయి. సరి వైపు సవరించే నియమం ఆ పక్షపాతాన్ని తొలగిస్తుంది.

ఉదాహరణకు 1,67,77,217 అనే సంఖ్య 1,67,77,216కు, 1,67,77,218కి సరిగ్గా నడుమ ఉన్నది. సింగిల్ రూపంలో అది 1,67,77,216గా మారుతుంది. 1,67,77,219 కూడా నడిమి సంఖ్యే. కాని అది 1,67,77,220గా, పైకి మారుతుంది. రెండింటిలోనూ ఎన్నుకోబడినది సరి సార్థక భాగం గల సంఖ్యే.

ఇదిగాక సున్నా వైపు, ధన అనంతం వైపు, ఋణ అనంతం వైపు సవరించే పద్ధతులను కూడా ప్రమాణం నిర్వచించింది. కూడిక, గుణకారం మాదిరిగానే పూర్ణసంఖ్య నుండి మార్పిడి కూడా సరిగా సవరించబడిన ఫలితాన్నే ఇవ్వాలని ప్రమాణం కోరుతుంది. అనగా ఫలితం అనంతమైన ఖచ్చితత్వంతో లెక్కించి, చివరలో ఒకే ఒకసారి సవరించినట్లు ఉండాలి.

ప్రోగ్రామింగ్ భాషల నియమాలు అన్నీ ఒకే విధంగా లేవు. సి భాష ప్రమాణం ఇక్కడ కొంత స్వేచ్ఛ ఇచ్చింది. విలువ ఖచ్చితంగా ఇమడనప్పుడు దానికి పైన ఉన్న దగ్గరి సంఖ్యనైనా, క్రింద ఉన్న దగ్గరి సంఖ్యనైనా ఇవ్వవచ్చును. ఏది ఇస్తుందో కంపైలర్ తయారీదారులు తెలుపాలి. 1999 నాటి సి ప్రమాణంలోని ఒక అనుబంధం, ఐఈఈఈ అంకగణితాన్ని పాటిస్తున్నామని ప్రకటించే కంపైలర్లకు కఠినమైన నియమాన్ని విధించింది. జావా భాష నిర్దేశికలో ఈ స్వేచ్ఛ లేదు. అక్కడ పూర్ణసంఖ్య నుండి జరిగే మార్పిడి దగ్గరి సంఖ్యకు సవరించే పద్ధతినే అనుసరించాలి.

రెండుసార్లు రౌండింగ్ వలన కలిగే దోషం

మార్పిడి రొటీన్లలో కనిపించే ప్రధాన దోషం ఒకే విలువను రెండుసార్లు సవరించడం. దీనిని దశాంశ సంఖ్యలతో సులభంగా అర్థం చేసుకోవచ్చును. 2,346ను దగ్గరి వందకు సవరించినట్లయితే 2,300 వస్తుంది. అదే సంఖ్యను ముందుగా దగ్గరి పదికి సవరించినట్లయితే 2,350 అవుతుంది. దానిని మళ్ళీ దగ్గరి వందకు సవరించినప్పుడు 2,400 వస్తుంది. మొదటి సవరింపులో అసలు విలువ నడిమి బిందువుకు క్రింద ఉన్నదనే సమాచారం పోయింది. రెండవ సవరింపు ఆ సమాచారం లేకుండానే నిర్ణయం తీసుకున్నది.

64 బిట్ల పూర్ణసంఖ్యను సింగిల్‌గా మార్చడానికి ముందుగా డబుల్‌గా మార్చి, తరువాత సింగిల్‌కు తగ్గించినప్పుడు ఇదే జరుగుతుంది. 2⁶⁰ + 2³⁶ + 1, అనగా 11,52,92,15,73,32,63,23,713 అనే సంఖ్యను తీసుకొందాము. ఈ స్థాయిలో సింగిల్ సంఖ్యల మధ్య ఎడం 2³⁷. కనుక నడిమి బిందువు 2⁶⁰ + 2³⁶. ఇవ్వబడిన సంఖ్య దానికంటే 1 ఎక్కువ కాబట్టి పైకి పోవాలి. సరియైన ఫలితం 2⁶⁰ + 2³⁷, అనగా 11,52,92,16,42,04,58,00,448.

డబుల్ మీదుగా పోయినప్పుడు ఫలితం వేరుగా ఉంటుంది. ఈ స్థాయిలో డబుల్ సంఖ్యల మధ్య ఎడం 256. కనుక చివరి 1 మొదటి మార్పిడిలోనే పోతుంది. మిగిలినది సరిగ్గా నడిమి బిందువు. రెండవ సవరింపు దానిని సరి సంఖ్య వైపు, అనగా క్రిందికి పంపుతుంది. ఫలితం 2⁶⁰, అనగా 11,52,92,15,04,60,68,46,976. సరియైన ఫలితంలో దోషం 68,71,94,76,735 కాగా తప్పు ఫలితంలో దోషం 68,71,94,76,737. రెండు దోషాల మధ్య తేడా 2 మాత్రమే. కాని రెండు ఫలితాలూ వేర్వేరు సంఖ్యలు.

డబుల్ మీదుగా పోవడం క్షేమమనే అభిప్రాయానికి ఒక ఆధారం ఉన్నది. శామ్యూల్ ఫిగెరోవా 1995లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, మధ్యంతర రూపపు సార్థక భాగం తుది రూపపు సార్థక భాగానికి రెట్టింపు కంటే కనీసం 2 బిట్లు ఎక్కువ ఉన్నట్లయితే కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం అనే క్రియలలో రెండుసార్లు సవరించినా ఫలితం మారదు. సింగిల్‌కు 24 బిట్లు కనుక 50 బిట్లు చాలు. డబుల్‌కు 53 ఉన్నాయి. అయితే ఆ సూత్రం సింగిల్ సంఖ్యల మీద జరిగే క్రియలకే వర్తిస్తుంది. 64 బిట్ల పూర్ణసంఖ్య సింగిల్ సంఖ్య కాదు కనుక మార్పిడికి ఆ రక్షణ లేదు.

రొటీన్లు పనిచేసే విధానాలు

జీసీసీ కంపైలర్‌తో వచ్చే లిబ్‌జీసీసీలోనూ, ఎల్‌ఎల్‌వీఎమ్ ప్రాజెక్టుకు చెందిన కంపైలర్-ఆర్‌టీలోనూ ఈ రొటీన్లు ఒకే పేర్లతో ఉన్నాయి. ఫ్లోట్‌డిఐఎస్‌ఎఫ్ అనేది 64 బిట్ల పూర్ణసంఖ్యను సింగిల్‌గా మారుస్తుంది. ఫ్లోట్‌డిఐడిఎఫ్ డబుల్‌గా మారుస్తుంది. గుర్తులేని పూర్ణసంఖ్యలకు వాడే రొటీన్ల పేర్లలో "యుఎన్" అనే అక్షరాలు అదనంగా ఉంటాయి.

పూర్ణసంఖ్య అంకగణితంతో మార్చడం

ఫ్లోటింగ్ పాయింట్ హార్డ్‌వేర్ లేని చోట ఈ పద్ధతి తప్పనిసరి. ఇందులోని దశలు ఇవి:

* సంఖ్య ఋణాత్మకమైనట్లయితే గుర్తును విడిగా ఉంచి పరమమూల్యాన్ని తీసుకోవడం. −2⁶³ విషయంలో ధన విలువ గుర్తుగల 64 బిట్లలో ఇమడదు కనుక దానిని గుర్తులేని సంఖ్యగా చూడాలి.
* ముందున్న సున్నా బిట్లను లెక్కించడం. దీనివలన ఘాతాంకం తెలుస్తుంది.
* సంఖ్యను జరిపి సార్థక భాగానికి అవసరమైన బిట్లతో పాటు మరి రెండు బిట్లను మాత్రమే ఉంచడం. మొదటిది సగాన్ని సూచించే బిట్టు. రెండవది స్టికీ బిట్టు. దిగువన పోయిన బిట్లలో ఏ ఒక్కటి 1 అయినా స్టికీ బిట్టు 1 అవుతుంది.
* ఆ రెండు బిట్లను, సార్థక భాగపు చివరి బిట్టును చూసి పైకి సవరించాలా వద్దా అని నిర్ణయించడం.
* పైకి సవరించినప్పుడు సార్థక భాగం ఒక బిట్టు పెరిగినట్లయితే ఘాతాంకాన్ని 1 పెంచడం.

చివరి దశను మరచిపోరాదు. గుర్తులేని 64 బిట్లలో అతిపెద్ద సంఖ్య 2⁶⁴ − 1. అందులో అన్ని బిట్లూ 1లే. దానిని డబుల్‌గా మార్చినప్పుడు పైకి సవరించబడి సరిగ్గా 2⁶⁴ అవుతుంది.

ఈ పద్ధతిలో వ్రాసిన రొటీన్లు సాధారణంగా దగ్గరి సంఖ్యకు సవరించడాన్ని మాత్రమే అమలు చేస్తాయి. ప్రోగ్రాము మరొక సవరింపు పద్ధతిని ఎన్నుకున్నా అవి దానిని పట్టించుకోవు.

స్థిరాంకపు ఉపాయం

డబుల్ హార్డ్‌వేర్ ఉన్నప్పుడు శాఖలు లేని వేగవంతమైన పద్ధతి ఒకటి ఉన్నది. డబుల్ రూపంలో 2⁵² వద్ద ఇరుగుపొరుగు సంఖ్యల మధ్య ఎడం సరిగ్గా 1. కనుక 2⁵²ను సూచించే బిట్ల దిగువ భాగంలో 32 బిట్ల సంఖ్యను ఉన్నదున్నట్లు పెట్టినట్లయితే 2⁵² + ఆ సంఖ్య అనే విలువ తయారవుతుంది. దాని నుండి 2⁵²ను తీసివేస్తే మార్పిడి పూర్తి అవుతుంది.

64 బిట్ల సంఖ్యకు దీనినే విస్తరిస్తారు. దిగువ 32 బిట్లను 2⁵² లోనూ, ఎగువ 32 బిట్లను 2⁸⁴ లోనూ ఉంచుతారు. 2⁸⁴ వద్ద ఎడం 2³² కనుక ఎగువ భాగం తన స్థానవిలువతోనే కూర్చుంటుంది. ఎగువ దాని నుండి 2⁸⁴ + 2⁵²ను తీసివేసి, వచ్చిన దానికి దిగువ దానిని కలుపుతారు. తీసివేతలో ఏ బిట్టూ పోదు. చివరి కూడికలో మాత్రమే సవరింపు జరుగుతుంది. ఈ కారణంగా ఈ పద్ధతి వేగంగానూ, సరిగానూ ఉంటుంది.

దీనికి రెండు పరిమితులు ఉన్నాయి. ఫలితాన్ని మళ్ళీ సింగిల్‌కు తగ్గించినట్లయితే రెండుసార్లు సవరించినట్లే అవుతుంది. ఋణ అనంతం వైపు సవరించే పద్ధతి అమలులో ఉన్నప్పుడు సున్నాను మార్చితే చివరి కూడికలో 2⁵²కు, −2⁵²కు మొత్తంగా ఋణ సున్నా వస్తుంది.

సగం చేసి రెట్టింపు చేయడం

ఎక్స్86-64 ప్రాసెసర్లలోని ఎస్‌ఎస్‌ఈ2 ఆదేశాలు గుర్తుగల 64 బిట్ల సంఖ్యను మాత్రమే మార్చగలవు. గుర్తులేని సంఖ్య 2⁶³ లేదా అంతకంటే ఎక్కువ ఉన్నట్లయితే కంపైలర్లు దానిని ఒక బిట్టు కుడికి జరిపి, గుర్తుగల సంఖ్యగా మార్చి, ఫలితాన్ని రెట్టింపు చేస్తాయి. జరిపినప్పుడు పోయే చివరి బిట్టును మాత్రం కొత్త చివరి బిట్టులో "లేదా" క్రియతో కలపాలి.

ఈ ఒక్క క్రియను వదలివేస్తే ఏమి జరుగుతుందో 2⁶³ + 1025 అనే సంఖ్య చూపుతుంది. ఇక్కడ డబుల్ సంఖ్యల మధ్య ఎడం 2048. నడిమి బిందువు 2⁶³ + 1024. కనుక సరియైన ఫలితం 2⁶³ + 2048. చివరి బిట్టును కలపకుండా సగం చేస్తే 2⁶² + 512 వస్తుంది. అది సరిగ్గా నడిమి బిందువు కావడం వలన క్రిందికి సవరించబడి, రెట్టింపు చేసిన తరువాత 2⁶³ అవుతుంది. చివరి బిట్టును కలిపినట్లయితే సగం 2⁶² + 513 అవుతుంది. అది పైకి సవరించబడి సరియైన ఫలితాన్నే ఇస్తుంది.

పవర్‌పీసీలోని ముందస్తు సవరణ

64 బిట్ల పవర్‌పీసీ ప్రాసెసర్లలో పూర్ణసంఖ్యను డబుల్‌గా మార్చే ఆదేశం ఉండేది కాని నేరుగా సింగిల్‌గా మార్చే ఆదేశం ఉండేది కాదు. అది పవర్7 తో వచ్చింది. అంతకు ముందరి ప్రాసెసర్లకు జీసీసీ, ఎల్‌ఎల్‌వీఎమ్ రెండూ ఒకే ఉపాయాన్ని వాడుతాయి. సంఖ్య 53 బిట్లలో ఇమడకపోయినట్లయితే దాని దిగువ 11 బిట్లను తీసివేసి, వాటిలో ఏ ఒక్కటైనా 1 అయితే వాటికి పైనున్న బిట్టును 1 చేస్తారు. ఆ 11 బిట్లకు 2047 కలిపితే, అవన్నీ సున్నాలు కానప్పుడు మాత్రమే పై బిట్టులోకి మోత వెళుతుంది. ఇందువలన శాఖ లేకుండానే పని జరుగుతుంది. అప్పుడు డబుల్‌కు మార్పిడిలో ఏమీ పోదు, సింగిల్‌కు తగ్గించేటప్పుడు ఒకేసారి సరిగా సవరింపు జరుగుతుంది. లిబ్‌జీసీసీలోని సాధారణ రొటీన్ కూడా ఇదే భావనను అనుసరిస్తుంది.

సిద్ధాంతపరంగా ఇది బేసి సంఖ్య వైపు సవరించడం అనే పద్ధతికి రూపాంతరం. మధ్యంతర రూపంలో బేసి వైపు సవరించి, తరువాత కనీసం రెండు బిట్లు తక్కువ గల రూపంలో దగ్గరి సంఖ్యకు సవరిస్తే ఫలితం ఒకేసారి సవరించినట్లే ఉంటుంది. సిల్వీ బోల్డో, గియోమ్ మెల్కియాన్ 2008లో ప్రచురించిన పరిశోధన పత్రంలో ఈ పద్ధతి గల క్రమసూత్రాలను నిరూపణలతో సహా వివరించారు.

ఎక్స్87లో మార్పిడి

పాత ఇంటెల్ ఎక్స్87 విభాగంలో గుర్తుగల 64 బిట్ల సంఖ్య విస్తృత రూపంలోకి ఖచ్చితంగా చేరుతుంది. జ్ఞాపకంలో భద్రపరచేటప్పుడు ఒకేసారి సవరింపు జరుగుతుంది. గుర్తులేని సంఖ్యకు 2⁶⁴ కలపవలసి వచ్చినప్పుడు చిక్కు ఉన్నది. ఎక్స్87 ఖచ్చితత్వాన్ని 53 బిట్లకు తగ్గించి ఉంచినట్లయితే ఆ కూడికలోనే ఒక సవరింపు జరిగి, సింగిల్‌గా భద్రపరచేటప్పుడు రెండవ సవరింపు జరుగుతుంది. ఒకే యంత్రం, ఒకే ఆదేశాలు అయినప్పటికీ నియంత్రణ రిజిస్టరులోని అమరికను బట్టి ఫలితం మారగలదు.

వేగం

ఆధునిక ప్రాసెసర్లలో మార్పిడి ఆదేశాలే సరియైన సవరింపును చేస్తాయి. 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్లలో గుర్తుగల, గుర్తులేని సంఖ్యలు రెండింటికీ సింగిల్, డబుల్ రూపాలకు నేరుగా మార్చే ఆదేశాలు ఉన్నాయి. రిస్క్-ఐదు నిర్మాణంలో సవరింపు పద్ధతిని ఆదేశంలోనే పేర్కొనవచ్చును. ఇంటెల్ 2013లో ప్రకటించిన ఏవీఎక్స్-512 విస్తరణలో గుర్తులేని సంఖ్యల మార్పిడికి ఆదేశాలు చేరాయి. ఇటువంటి చోట్ల వేగానికి, ఖచ్చితత్వానికి మధ్య వైరుధ్యం లేదు.

వైరుధ్యం తలెత్తేది ముఖ్యంగా మూడు చోట్ల:

* ఫ్లోటింగ్ పాయింట్ హార్డ్‌వేర్ లేని చిన్న ప్రాసెసర్లు. ఆర్మ్ కార్టెక్స్-ఎం0లో ముందున్న సున్నాలను లెక్కించే ఆదేశం కూడా లేదు. ఆ లెక్కింపునకే పలు ఆదేశాలు ఖర్చవుతాయి.
* ఉండవలసిన వెడల్పు గల ఆదేశం లేని ప్రాసెసర్లు. సింగిల్‌కు నేరుగా మార్చలేని పాత పవర్‌పీసీ ఇందుకు ఉదాహరణ.
* 128 బిట్ల పూర్ణసంఖ్యలు. వీటికి సాధారణ ప్రాసెసర్లలో మార్పిడి ఆదేశం లేనందున రొటీన్ తప్పనిసరి.

శాఖల ప్రభావం కూడా గమనించదగినది. ప్రాసెసర్ శాఖ దిశను ముందుగా ఊహిస్తుంది. ఊహ తప్పినప్పుడు చేసిన పనిని వదలి మళ్ళీ మొదలుపెట్టవలసి వస్తుంది. చిన్నవి, పెద్దవి కలగలిసిన సంఖ్యల వరుసను మార్చేటప్పుడు శాఖలు లేని రొటీన్, ఆదేశాల సంఖ్య కొంచెం ఎక్కువైనా, త్వరగా ముగియవచ్చును. సరియైన రొటీన్లను వేగవంతం చేయడానికి ఇదొక ముఖ్యమైన మార్గం.

కంపైలర్ ఐచ్ఛికాలు

జీసీసీలోని ఫాస్ట్-మ్యాథ్ ఐచ్ఛికం ఐఈఈఈ నియమాల నుండి కొంత సడలింపునకు అనుమతి ఇస్తుంది. ఆ అనుమతి ఉన్నప్పుడు పాత పవర్‌పీసీలో ముందస్తు సవరణను వదలివేసి, రెండుసార్లు సవరించే చిన్న మార్గాన్నే కంపైలర్లు ఎన్నుకోవచ్చును. అనుమతి లేనప్పుడు సరియైన మార్గమే అమలవుతుంది. దీనికి భిన్నంగా రౌండింగ్-మ్యాథ్ అనే ఐచ్ఛికం, ప్రోగ్రాము సవరింపు పద్ధతిని మార్చవచ్చునని కంపైలర్‌కు తెలుపుతుంది. అప్పుడు సాధారణ పద్ధతి అమలులో ఉన్నదనే ఊహపై ఆధారపడిన కుదింపులను కంపైలర్ మానుకుంటుంది.

పర్యవసానాలు

రెండుసార్లు సవరించడం వలన కలిగే దోషం పరిమాణంలో స్వల్పం. సరియైన సవరింపులో దోషం ఎడంలో సగానికి మించదు. తప్పు సవరింపులో సగాన్ని అతి కొద్దిగా మించుతుంది. సంఖ్యల క్రమం కూడా చెడదు. అసలు నష్టం ఫలితాలు ఒకదానితో ఒకటి ఏకీభవించకపోవడంలో ఉన్నది.

విలువ ముందే తెలిసినట్లయితే కంపైలర్ ఆ మార్పిడిని కంపైల్ చేసేటప్పుడే, తన స్వంత అంకగణితంతో సరిగా చేసి పెడుతుంది. రన్‌టైమ్ రొటీన్ వేరే ఫలితం ఇచ్చినట్లయితే ఒకే ప్రోగ్రాము ఆప్టిమైజేషన్ స్థాయిని బట్టి రెండు జవాబులు ఇస్తుంది. రెండు యంత్రాలు కలిసి ఒకే అనుకరణను నడుపుతున్నప్పుడు, లేదా పాత ఫలితాలతో కొత్త ఫలితాలను బిట్టు బిట్టు పోల్చి చూసేటప్పుడు ఇటువంటి తేడా మూలాన్ని కనుగొనడం చాలా కష్టం.

ఇటువంటి మార్పు ఒకటి పైథాన్ భాషలో జరిగింది. 2010లో వెలువడిన 2.7 సంచికకు ముందు పెద్ద పూర్ణసంఖ్యల మార్పిడిలో దగ్గరి సంఖ్య రాకపోవడం సంభవించేది. 2⁶⁸ + 65535 అనే సంఖ్యకు 1 దూరంలో 2⁶⁸ + 65536 అనే డబుల్ సంఖ్య ఉన్నప్పటికీ, పాత పద్ధతిలో 65535 దూరంలో ఉన్న 2⁶⁸ వచ్చేది. 2.7 నుండి దగ్గరి సంఖ్యే వస్తున్నది.

సరియైన సవరింపు అన్ని సమస్యలనూ తీర్చదు. జావాస్క్రిప్ట్‌లో సాధారణ సంఖ్యలన్నీ డబుల్ రూపంలోనే ఉంటాయి. 2010లో ట్విట్టర్ సందేశాల గుర్తింపు సంఖ్యలు 53 బిట్లు దాటే పద్ధతికి మారినప్పుడు, ఆ సంఖ్యలను అక్షరాల వరుస రూపంలో కూడా విడిగా పంపడం ప్రారంభించారు. సవరింపు ఎంత సరిగా ఉన్నప్పటికీ రెండు వేర్వేరు గుర్తింపు సంఖ్యలు ఒకే డబుల్ సంఖ్యగా మారగలవు. పెద్ద పూర్ణసంఖ్యలకు ప్రత్యేకించిన బిగ్‌ఇంట్ రకం 2020 నాటి జావాస్క్రిప్ట్ ప్రమాణంలో చేరింది.

తిరుగు మార్పిడిలో మరొక ప్రమాదం ఉన్నది. 2⁶⁴ − 1 డబుల్‌గా మారి 2⁶⁴ అయిన తరువాత దానిని తిరిగి గుర్తులేని 64 బిట్ల సంఖ్యగా మార్చడం సి భాషలో నిర్వచించబడలేదు. పరిధిని పరీక్షించే షరతులు వ్రాసేటప్పుడు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ మొదటి ప్రయోగం విఫలం కావడానికి కారణం కూడా తిరుగు మార్పిడే. 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ విలువ 16 బిట్ల గుర్తుగల పూర్ణసంఖ్యలో ఇమడలేదు. అది సవరింపు దోషం కాదు, పరిధి దాటిన దోషం.

యంత్ర అభ్యాసంలో వాడే బిఫ్లోట్16తో పాత సమస్య కొత్త రూపంలో వచ్చింది. 32 బిట్ల పూర్ణసంఖ్యను సింగిల్ మీదుగా బిఫ్లోట్16కు మార్చినట్లయితే రెండుసార్లు సవరింపు జరుగుతుంది. 2³⁰ + 2²² + 1, అనగా 1,07,79,36,129కి సరియైన ఫలితం 1,08,21,30,432 కాగా సింగిల్ మీదుగా 1,07,37,41,824 వస్తుంది. ఐఈఈఈ 16 బిట్ల రూపానికి ఈ ఇబ్బంది లేదు. దానిలో అతిపెద్ద సంఖ్య 65,504. ఆ పరిధిలోని పూర్ణసంఖ్యలన్నీ సింగిల్‌లో ఖచ్చితంగా ఇముడుతాయి.

పరీక్షించడం

32 బిట్ల మార్పిడి రొటీన్‌ను సంపూర్ణంగా పరీక్షించవచ్చును. సాధ్యమైన విలువలు 4,29,49,67,296 మాత్రమే. 64 బిట్లకు అది సాధ్యం కాదు. విలువల సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,616. సెకనుకు వంద కోట్ల చొప్పున పరీక్షించినా 584 సంవత్సరాలు పడుతుంది.

యాదృచ్ఛిక సంఖ్యలతో చేసే పరీక్ష కూడా నమ్మదగినది కాదు. డబుల్ మీదుగా సింగిల్‌కు మార్చే రొటీన్ 53 బిట్లను మించిన పూర్ణసంఖ్యలలో 2³⁰లో ఒకదానికి, అనగా సుమారు 107 కోట్లలో ఒకదానికి మాత్రమే తప్పు ఫలితం ఇస్తుంది. కోటి యాదృచ్ఛిక సంఖ్యలతో పరీక్షించినా ఆ దోషం బయటపడే అవకాశం సుమారు ఒక శాతం మాత్రమే. కనుక దోషం ఉండగల చోట్లనే వెదకాలి: 2 యొక్క ప్రతి ఘాతం, దానికి 1 అటూ ఇటూ ఉన్న సంఖ్యలు, ప్రతి స్థాయిలో నడిమి బిందువులు, వాటికి 1 అటూ ఇటూ ఉన్న సంఖ్యలు, సున్నా, అతిపెద్ద, అతిచిన్న విలువలు. సార్థక భాగం సరి అయిన చోట, బేసి అయిన చోట రెండింటా పరీక్షించాలి. సరి అయిన చోట తప్పు నడిమి బిందువుకు పైన, బేసి అయిన చోట క్రింద కనిపిస్తుంది.

పైన వివరించిన వేగవంతమైన పద్ధతులలో సరియైన వాటిని, తప్పైన వాటిని వేరుచేసేది ఒకే అంశం. సరియైన పద్ధతులలో సవరింపు ఒకే చోట జరుగుతుంది. దానికి ముందు పోయే బిట్ల జాడను కనీసం ఒక స్టికీ బిట్టులోనైనా నిలుపుతారు. అందుకు అయ్యే ఖర్చు చాలా సందర్భాలలో కొద్ది ఆదేశాలు మాత్రమే.

ఇవి కూడా చూడండి

* ఐఈఈఈ 754
* కంపైలర్
* ద్విసంఖ్యామానం
* విలియం కహాన్
* సి ప్రోగ్రామింగ్ భాష